అల్లరిదాని పిలకలు

హాస్టల్, మూడో అంతస్తు
జూలై 3

పెద్దమ్మా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం నా పేరున వచ్చిన గుండీల డబ్బా. నేనింకా పళ్ళు తోముకుంటున్నాను, వార్డెన్ గారు మెట్లకింద నుంచి కేకేశారు: "నీకెవరో గుండీలు పంపారు, చదువు మానేసి చొక్కాలు కుడతావా ఏంటి?" కుదిపి చూశాను. గలగలమనలేదు. గదిలోకొచ్చి మూత తీస్తే దూదిలో ఐదు టమాటా గింజలు. సన్నటి నూగుతో, వెలిసిపోయి, ఎండకి ఆరేసి మర్చిపోయిన బట్టల్లా ఉన్నాయి.

దాంతోపాటు నీ చీటీ. "అల్లరిది. ఇవే ఆఖరివి. మొలిపించు." అంతే! ఉత్తరానికి నాలుగు పేజీలు రాసే మనిషివి, నాకు మూడు ముక్కలు పారేశావు. పైగా అక్షరాలు గుంతల రోడ్డుమీద పడి లేచినట్టున్నాయి. బస్సులో రాశావా?

కాలేజీలో చేరి నెల దాటింది. మొక్కల శాస్త్రం చదువుతున్నానన్న మాటే గానీ ఇంతవరకూ నేను ముట్టుకున్న మొక్క బోర్డుమీద సుద్దతో గీసిందే. అందుకే ఈ ఐదు గింజలు చూసి నా గుండె డప్పు కొట్టింది. డాబామీద నీళ్ళ ట్యాంకు పక్కన రెండు కుండీలు పెట్టుకోవడానికి వార్డెన్ గారు ఒప్పుకున్నారు. "కింది గదిలోకి ఒక్క చుక్క కారిందా, కుండీతో సహా నిన్నూ దింపేస్తా" అన్నారు.

ఇంతకీ అల్లరిది ఎవరు? ఏం అల్లరి చేసింది?

నీ పిచ్చుక


ఇల్లు, వెనక వరండా
జూలై 10

పిచ్చుకా,

అవును, బస్సులోనే రాశాను. ఇప్పుడేమో కళ్ళజోడు విరిగింది. అందుకని నేను చెబుతుంటే పక్కింటి దర్జీ గారు రాసిపెడుతున్నారు. ఆయన రాత ఆయన కుట్టులాగే సూటిగా ఉంటుంది. మధ్యలో సొంత మాటలు కలిపితే పట్టించుకోకు.

(నేనెందుకు కలుపుతాను. — దర్జీ)

నేను పరిశోధన కేంద్రంలో చేరిన కొత్తలో నా పని కాయలు పిసికి గింజలు తియ్యడం. గుజ్జు పులిసేదాకా ఉంచి కడగాలి. ఆ వాసన నా జుట్టులోంచి పోయేది కాదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, రాణిలాగా కాళ్ళు చాపుకొని వెళ్ళేదాన్ని. ఆ రోజుల్లో నా అంతట నేను ఏరి పెంచిన మొదటి రకం ఇది. మొదటి కాయ కోసి తలో ముక్కా పెడితే ల్యాబ్‌వాళ్ళు పళ్ళెంలో మిగిలిన రసం కూడా వేలితో తుడిచి నాకేశారు. అంత రుచి.

కానీ మా పెద్దసారుకి ఒక పరీక్ష ఉండేది. కాయని నడుం ఎత్తునుంచి నేలమీదికి వదిలేవారు. పగలకపోతే పాసు. నా కాయ పగిలింది. పగలడం కూడా సారు కొత్త బూట్లమీద. "అమ్మాయీ, దీన్ని లారీ ఎక్కిస్తే అవతల దిగేది కాయలు కాదు, కాలువ" అన్నారు. అప్పటినుంచీ దాని పేరు అల్లరిది.

తర్వాత ఆయన కోరినట్టే గట్టి తోలు కాయని తయారుచేశాను. వదిలితే ఎగిరింది. దానికి రబ్బరు అని పేరు పెట్టారు ల్యాబ్‌వాళ్ళు. నా ప్రమోషన్లూ, గోడమీది షీల్డులూ అన్నీ రబ్బరు పెట్టిన భిక్షే. నాకు దానిమీద కోపమేమీ లేదు. ఎక్కడెక్కడి వాళ్ళకో కుళ్ళని కాయ అందించింది. కాకపోతే లోకమంతా నా కాయే తింటుంది, నేను తప్ప. నా పెరట్లో మాత్రం ఎప్పుడూ అల్లరిదే ఉండేది.

ఈ రెంటినీ కలపాలని నా కోరిక. ఆ రుచి, ఈ తోలు, ఒకే కాయలో. వచ్చే ఏడు చేద్దాం, వచ్చే ఏడు చేద్దాం అనుకుంటూ మీటింగుల్లో ముసలిదాన్నయ్యాను. చివరి ఏళ్ళలో ఇచ్చిన క్వార్టర్సులో గుప్పెడు మట్టి కూడా లేదు. గింజలు డబ్బాలోనే ముసలివైపోయాయి. రిటైరై ఇంటికొచ్చాక వేసినవాటిలో ఒక్కటీ లేవలేదు. నీ దగ్గరున్నవే మిగిలినవి. అవి కూడా లేవకపోతే అల్లరిది ఇక కబుర్లలోనే.

గోరంత లోతులో వెయ్యి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు. ఇంకోమాట. నీ ఉత్తరంలో ఉపమానాలు ఎక్కువ, కొలతలు తక్కువ.

పెద్దమ్మ


హాస్టల్ డాబా, ట్యాంకు నీడ
జూలై 20

పెద్దమ్మా,

లేచింది! ఒక్కటి! మెడ వంచుకుని, గింజ తొక్కని టోపీలా నెత్తిన పెట్టుకుని, "ఎవరు పిలిచింది?" అన్నట్టు లేచింది. నువ్వు అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను, పొడవు రెండు బియ్యపు గింజలంత. ఇది కొలతో ఉపమానమో నువ్వే తేల్చు.

మిగతా నాలుగూ లేవలేదు. నిన్న వేలితో మట్టి తీసి చూస్తే మెత్తగా అయిపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. నా గదిలో ఉండే లెక్కల అమ్మాయి, "ఏడుస్తావెందుకే, ఇరవై శాతం పాసు. మా క్లాసులో అంతకంటే తక్కువే" అంది.

ఇప్పుడు నేను దానికి కాపలా. పిట్టలు రాకుండా పాత కూరగాయల బుట్ట బోర్లించాను. రాత్రి వాన పడితే గొడుగు పట్టుకుని పైకి పరిగెత్తాను. వార్డెన్ గారు మెట్లమీద ఎదురై, "గొడుగు నీకా, దానికా?" అన్నారు. దానికే పట్టాను. నేను తడిసిపోయాను.

పువ్వులొచ్చాక రెంటినీ కలపడం ఎలాగో చెప్పు. మా సార్ "పరపరాగ సంపర్కం" అని బోర్డుమీద రాసి వెళ్ళిపోయారు. మాట ఎంత బాగుందో! కానీ దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో తెలియడం లేదు.

పిచ్చుక


ఇల్లు, వెనక వరండా
జూలై 29

పిచ్చుకా,

బియ్యపు గింజ కొలతే. పాసు.

టమాటా పువ్వు మధ్యలో పసుపుపచ్చ గొట్టం ఉంటుంది చూడు, అవి కేసరాలు, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపల ఉంటుంది, మూతికి చిల్లులున్న సీసాలో ఉప్పులాగా. ఊరికే ఊపితే రాలదు, సన్నగా అదరాలి. అందుకే తుమ్మెద వచ్చి పువ్వుని కౌగిలించుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా జుమ్మని వణికిస్తుంది. పొడి రాలి దాని పొట్టమీద పడుతుంది. మా కేంద్రంలో తుమ్మెదకి బదులు కరెంటు పళ్ళబ్రష్ ఆనించి రాల్చేవాళ్ళం. ఒక డజను కావాలని రాసి పంపితే, కొనుగోళ్ళ గుమాస్తా, "తమరి మొక్కలకి పళ్ళు ఎన్ని వచ్చాయో తెలపగలరు" అని తిప్పి పంపాడు.

పని రెండు పూటల పని. సాయంత్రం, రేపో మాపో విచ్చుకోబోయే మొగ్గని తీసుకుని రేకులు మెల్లగా తెరిచి, పట్టకారుతో ఆ గొట్టాన్ని లాగెయ్యాలి. మధ్యలో సన్నటి పచ్చ పుల్ల ఉంటుంది, దాన్ని తాకకూడదు. అది తల్లి. తర్వాత చిన్న సంచీ తొడిగి వదిలెయ్యాలి. మర్నాడు పొద్దున తండ్రి పువ్వు పొడి తెచ్చి ఆ పుల్ల కొసకి అద్దాలి. అంతే.

మీ కాలేజీ తోటలో మామూలు టమాటా ఉంటే దానిమీద చెయ్యి తిప్పుకో. పట్టకారు విడిగా పంపుతున్నాను. నా ఉద్యోగమంతా నా వేళ్ళమధ్య ఉన్న వస్తువు. ఇక నాకు దాంతో

(ఇక్కడ మేడమ్ గారు ఈ వాక్యం వద్దు, కొట్టెయ్యమన్నారు. మంచి కాగితం, కొట్టెయ్యబుద్ధి కాలేదు, వదిలేశాను. — దర్జీ)

జాగ్రత్తగా చూసుకో. మొక్కని, పట్టకారుని, నిన్ను. అదే వరసలో.

పెద్దమ్మ


హాస్టల్, మూడో అంతస్తు
ఆగస్టు 21

పెద్దమ్మా,

మార్కులు వెయ్యి. కాలేజీ తోటలో మొదటిరోజు పట్టుకున్న మొగ్గల్ని పట్టుకున్నట్టే చంపేశాను. తోటమాలి తాత, "పువ్వు పీకడానికి ఇంత పనిముట్టు దేనికమ్మా, మా మేక చిటికెలో పీకుతుంది" అన్నాడు. ఇప్పుడు మాత్రం గొట్టం చొక్కాలోంచి చెయ్యి తీసినట్టు వచ్చేస్తోంది. లోపల ఆ పచ్చ పుల్ల చెక్కు చెదరకుండా నిలబడి ఉంటే, ఊపిరి బిగబట్టి దాన్ని చూస్తుంటే, పెద్దమ్మా, దీనికోసమే నువ్వు ఇన్నేళ్ళు ఆ ఉద్యోగం చేశావని అర్థమైంది.

అల్లరిది నా మోకాలు దాటింది. ఇంకో మంచి పని చేశాను. పాఠ్యపుస్తకంలో, "ఆకు చంకలలో మొలిచిన పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను" అని ఉంది. గిల్లివేయవలెను! ఎంత ఠీవి! పైకే రెండుసార్లు చదువుకుని గిల్లివేశాను, ఒక్కటి మిగల్చకుండా. ఇప్పుడు ఒంటి కాడతో సిపాయిలా నిలబడింది.

గిల్లిన వేళ్ళకి వచ్చిన వాసన ఉంది చూడు, పచ్చగా, ఘాటుగా, ముక్కులోంచి నెత్తికెక్కేలా. దానికి సరైన మాట దొరకలేదు. అది దొరికేదాకా పిలకల్ని గ్లాసు నీళ్ళలో పెట్టి బల్లమీద ఉంచుకున్నాను. చదువుతూ చదువుతూ వాసన చూస్తున్నాను.

పిచ్చుక


ఇల్లు
ఆగస్టు 26

పిచ్చుకా,

నీ పుస్తకం చెప్పింది తీగలా సాగే రకాల గురించి. అల్లరిది పొద రకం. అది కొంత ఎత్తు పెరిగి ఆగిపోతుంది. పువ్వులూ కాయలూ చాలావరకు ఆ పిలకలమీదే రావాలి. వాటిని గిల్లేస్తే కాడ కొసన ఒక్క గుత్తి వస్తుంది. అదీ ఎండకి రాలిపోకుండా ఉంటే.

ముందే చెప్పాల్సింది నేను. నాకు అది అన్నం తినడం ఎలాగో చెప్పడంలాంటిది, అందుకే చెప్పలేదు. నిన్ను అనడానికేమీ లేదు.

ఇక్కడిదాకా చెప్పి నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి దర్జీ గారు నీ ఉత్తరం చివరి ముక్క మళ్ళీ చదివి వినిపించారు. మొదటిసారి నేను గిల్లడం దగ్గరే ఆగిపోయానట, తర్వాతది నా చెవిన పడలేదు.

గ్లాసు!

ఆ గ్లాసు ఇంకా ఉందా? పారబొయ్యకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. రోజూ నీళ్ళు మార్చు, నీళ్ళలో మునిగే ఆకులు తీసెయ్యి, నేరుగా ఎండలో పెట్టకు. వెంటనే రాయి.

పెద్దమ్మ

(అమ్మా పిచ్చుకా, కళ్ళజోడు మేడమ్ గారి ముక్కుమీదే ఉంది. ఎప్పుడూ విరగలేదు. అయినా ఉత్తరాలు నాచేతే చదివించుకుంటున్నారు. నాకెందుకులే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. — దర్జీ)


హాస్టల్, మూడో అంతస్తు
సెప్టెంబరు 2

పెద్దమ్మా,

నీ ఉత్తరం మెట్లమీదే విప్పాను. సగం చదివేసరికి అక్కడే కూచుండిపోయాను. నీ ఉద్యోగమంతా కాపాడుకున్నదాన్ని నేను ఒక మాట ముచ్చటపడి గిల్లేశానా అనిపించింది. కింది సగానికి వచ్చాక లేచి పరిగెత్తాను.

లెక్కల అమ్మాయి గ్లాసు పట్టుకుని సింకు దగ్గర నిలబడి ఉంది! "పారబొయ్యకే!" అని నేను అరిచిన అరుపుకి వార్డెన్ గారు చీపురు పట్టుకుని పైకొచ్చారు, పామనుకుని. "పారబొయ్యట్లేదే, చూస్తున్నాను. వీటికి మీసాలొచ్చాయి" అంది లెక్కల అమ్మాయి.

వేళ్ళు, పెద్దమ్మా! తెల్లగా, సూదిలో ఎక్కించే దారాల్లా. నాలుగు పిలకలకి వచ్చాయి. వాసనకి మాట దొరకలేదు గానీ మొక్కలు దొరికాయి. ఖాళీ రంగు డబ్బాలకి అడుగున చిల్లులు పొడిచి నాటాను. సిపాయి మొక్కతో కలిపి అల్లరిది ఇప్పుడు ఐదుగురు. వార్డెన్ గారు, "డాబానా, అడవా?" అని తిడుతూనే, నేను క్లాసుకెళ్ళాక చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. తడి అడుగులు నేను చూశాను.

ఇక అసలు సంగతి. కళ్ళజోడు ముక్కుమీదే ఉంటే ఉత్తరం రాయలేనిది కళ్ళు కాదు. జూలైలో వచ్చిన చీటీ బస్సులో రాసింది కూడా కాదు. పట్టకారు నాకెందుకు పంపావు? నీ చెయ్యి ఎలా ఉంది?

పిచ్చుక


ఇల్లు, వెనక వరండా
సెప్టెంబరు 11

పిచ్చుకా,

వణుకుతోంది. కుడిచెయ్యి, ఈ ఏడాదినుంచీ. కప్పులో కాఫీ సగం సాసర్‌కే. డాక్టరు ప్రమాదమేమీ లేదన్నాడు, తగ్గదని కూడా అన్నాడు. ఉద్యోగం అయిపోయాక తీరిగ్గా చేద్దామని దాచుకున్న పని, తీరిక వచ్చేసరికి చెయ్యి లేకుండా పోయింది. ఒక రబ్బరు మొగ్గమీద పట్టకారు పెట్టి చూశాను, చీరేశాను. ఇంకోటి, అదీ చీరేశాను. తర్వాత పట్టకారు కడిగి డబ్బాలో పెట్టేశాను.

నీకు ప్రాక్టికల్స్ అలవాటవుతాయని గింజలు పంపలేదే. నాకో చెయ్యి కావాలి గనక పంపాను. ఆ మాట అడగడానికి సిగ్గేసింది. బడిపిల్లల దగ్గర్నుంచి మంత్రులదాకా అందరికీ మొగ్గ ఎలా విప్పాలో చూపించినదాన్ని కదా.

జాలిపడి పెద్ద ఉత్తరం రాయకు. పెరట్లో నాకు రోజు సరిపోవడం లేదు. తవ్వడానికి వణుకు అడ్డం కాదు. నిన్న ముల్లంగి విత్తనాలు చల్లితే ఎప్పుడూ లేనంత సమంగా పడ్డాయి.

(నిజమే. నేను చూశాను. — దర్జీ)

కలిపినంతమాత్రాన అయిపోయిందనుకోకు. పిల్లలు అందరూ ఒక్కలాగే పుడతారు. ఎవరికి రుచి వచ్చింది, ఎవరికి తోలు వచ్చింది, రెండూ ఎవరికి వచ్చాయి అన్నది తేలేది మనవల తరంలో. వాళ్ళని కొరికి చూడాల్సిన బాధ్యత నీదీ, నీ పళ్ళదీ.

అల్లరిది మొగ్గ తొడగ్గానే కబురు పెట్టు. రబ్బరు మొక్క కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతాను. నువ్వు చేస్తుంటే పక్కన కూచుని చూస్తాను, నాకది చాలు. పువ్వులకి సంచులు ఇందులో పెట్టాను.

పెద్దమ్మ

(ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నాను గానీ ఇంత చిన్న కొలతలు ఎవరూ ఇవ్వలేదు. సన్నటి గుడ్డ, బొందులు కూడా పెట్టాను. పువ్వులకి బిగుతైతే చెప్పు, వదులు చేస్తాను. — దర్జీ)


హాస్టల్, మూడో అంతస్తు
అక్టోబరు 12, సాయంత్రం

కింది అతిథుల గదిలో ఉన్న పెద్దమ్మకి,

ఇంత దగ్గరనుంచి నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. చీకటి పడ్డాక పైవాళ్ళు కిందికి, కిందివాళ్ళు పైకి రాకూడదని వార్డెన్ గారి రూలు. "అంత కొంప మునిగే సంగతైతే కాగితంమీద రాసివ్వు, నేనే తలుపుకింద తోస్తా" అన్నారు. ఇది కొంప మునిగే సంగతే.

మధ్యాహ్నం నువ్వు కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని బస్సు దిగుతుంటే కండక్టరు, "అమ్మా, దానికి అరటిక్కెట్టు కొట్టాల్సింది" అన్నాడు, విన్నావా? అప్పట్నుంచీ నవ్వుతూనే ఉన్నాను. నువ్వు మాత్రం డాబాకొచ్చాక నవ్వలేదు. స్టూలుమీద కూచుని చేతులు రెండూ మోకాళ్ళమధ్య దాచుకున్నావు. నేను ఒక్కో మొగ్గా విప్పుతుంటే, "ఊఁ" అన్నావు. ఒక్కచోట, "మెల్లగా" అన్నావు. తొమ్మిది మొగ్గలూ అయ్యాక, దర్జీ గారి సంచులు తొడిగాక, "నేనే చేసినా ఇంతే వచ్చేది" అన్నావు. ఆ మాట నేను ఎక్కడ దాచుకోవాలో తెలియక ఇంకా చేతిలోనే పట్టుకుని తిరుగుతున్నాను. ఇది ఉపమానమే, ఒప్పుకుంటాను.

అసలు సంగతి వేరు. సాయంత్రం ఎండ తగులుతోందని రబ్బరు కుండీని పక్కకి జరపబోయావు గుర్తుందా? విచ్చుకున్న పువ్వొకటి నీ వేళ్ళమధ్య పడింది. కింద నీ నల్ల సంచీ ఉంది. దానిమీద ఏదో పొడి రాలింది. నువ్వు చెయ్యి చటుక్కున లాక్కుని, దుమ్మనుకుని దులిపేశావు.

అది దుమ్ము కాదు పెద్దమ్మా. నువ్వు వెళ్ళాక నేను ఇంకో పువ్వుని పట్టుకుని ఊపాను. రాలలేదు. గట్టిగా ఊపాను. కాడ విరిగింది గానీ చిటికెడు కూడా రాలలేదు. పళ్ళబ్రష్ కోసం రేపు లెక్కల అమ్మాయిని దుకాణాలవెంట పంపుదామనుకున్నాను. వద్దని చెప్పేశాను.

రేపు పొద్దున నువ్వు రబ్బరు పువ్వు పట్టుకో. ఊపకు, బిగించకు, చెయ్యి ఆపాలని చూడకు. ఊరికే పట్టుకో. కింద నేను చెంచా పెడతాను. రాలిన పొడిని నేను తల్లి పువ్వుకి అద్దుతాను.

నీ పిచ్చుక


కింద గది

పిచ్చుకా

ఇది నా చేత్తోనే రాస్తున్నా. బస్సులో రాసినట్టుంటుంది, సర్దుకుని చదువుకో.

ఇన్నేళ్ళు పళ్ళబ్రష్‌లకి సంతకాలు పెట్టానే, నాకెందుకు తట్టలేదు!

పొద్దున్నే వద్దు, పువ్వులమీద మంచు ఉంటుంది, పొడి ముద్దైపోతుంది. ఎనిమిదింటికి, ఎండ ట్యాంకుని దాటాక. స్టీలు చెంచా, తడి లేకుండా తుడిచి తీసుకురా. కాఫీ నా కప్పులో సగమే పొయ్యి. తుమ్మెద తయారుగా ఉంటుంది.

పెద్దమ్మ